పోపుల డబ్బాలో వారం మాత్ర

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. ధవళేశ్వరంలో కాలవగట్టు వీధికి ఆ మనిషి జానకిరామ్ గారు. చిక్కేమిటంటే ఆ కుందేటికి మూడే కాళ్ళని వీధి వీధంతా ఒప్పుకునేది. కాదు నాలుగని అనగలిగినవాళ్ళు ఒక్కరున్నా ఈ కథ చెప్పుకోవలసిన పని ఉండేది కాదు.

వీధి అలా ఒప్పుకోవడానికి కారణం లేకపోలేదు. ముప్ఫై నాలుగేళ్ళపాటు ఆయన ఆనకట్ట దగ్గర గేజి చూసే ఉద్యోగం చేశారు. వరద రోజుల్లో గంటగంటకీ గోదావరి ఎన్ని అడుగులుందో చూడడం, రిజిస్టర్లో రాయడం, పైవాళ్ళకి ఫోను చేసి చెప్పడం. పదకొండు ముప్పావు అడుగులని ఆయన నోటి వెంట వస్తే మొదటి హెచ్చరిక. లంకల్లో జనం గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కాల్సిందే. అన్నేళ్ళలో ఆయన చెప్పిన అంకె ఒక్కటీ తప్పలేదు. ఆయన రిజిస్టర్లో ఒక్క కొట్టివేత లేదు. ప్రతి పంక్తి చివరా "స్వయంగా చూడడమైనది" అని రాసేవారు, కింది మనిషిని పంపి తెలుసుకున్న అంకె కాదని పైవాళ్ళకి తెలియడానికి.

రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుని, గోదావరి మట్టంతో పాటు గ్యాసుబండ మార్చిన రోజు, కరెంటు పోయిన వేళ, భార్య అమ్మణ్ణికి జ్వరం ఎంతుందీ, అన్నీ రాసేవారు. చివర్న షరా మామూలే, స్వయంగా.

వాళ్ళకి పిల్లలు లేరు. ఇంట్లో ఉండేది ఆయనా, అమ్మణ్ణీ. పదేళ్ళ నుంచీ అంట్లు తోమి, ఇల్లు తుడిచి, మధ్యాహ్నం దాకా అమ్మణ్ణికి చేదోడుగా ఉండి వెళ్ళే పాపాయి మూడో మనిషి. అమ్మణ్ణికి ఆయన మాట మీద అనుమానపడే అలవాటు కాపురానికొచ్చిన కొత్తలోనే తప్పిపోయింది. అంత నిక్కచ్చి మనిషితో వాదించడమెందుకులే అనుకుంది. అలా అనుకుంటూ నలభై ఏళ్ళు గడిపేసింది.

ఆవిడకి కీళ్ళవాతం. వేళ్ళు పక్కకి వాలిపోయి, బొడిపెలు కట్టి, గుప్పిట పడేది కాదు. రాజమండ్రిలో డాక్టర్ వినీల చూసి రెండు మాత్రలు రాసింది. ఒకటి వాతానికి, వారానికి ఒక్కసారి, మంగళవారం మాత్రమే. రెండోది విటమిన్, మిగిలిన ఆరు రోజులూ రోజుకొకటి.

మందుల షాపు జ్ఞానప్రకాశం ఆ వారం మాత్రల షీటు మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి మరీ ఇచ్చాడు. "వారానికి ఒక్కటేనండి. పొరపాటున రోజూ వేసేశారంటే మనిషి దక్కరండి. రెండూ పసుప్పచ్చగా, చిన్నగా ఒకేలా ఉంటాయి. షీట్లోంచి తీసి ఉంచకండి, వేసుకునేటప్పుడే తీయండి. ఏది ఏదో ఆ షీటు మీద పేరు చూస్తేనే తెలుస్తుంది."

"ఏమయ్యా జ్ఞానప్రకాశం, గోదావరిని కొలిచినవాణ్ణి. రెండు మాత్రలు కొలవలేనా?" అన్నారు జానకిరామ్ గారు. షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. జ్ఞానప్రకాశం కూడా నవ్వేసి చిల్లర ఇచ్చాడు.

ఇక్కడ ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. మాత్రలు షీట్లోంచి ఆయన ఊరికే తీయలేదు. రెండో రోజు అమ్మణ్ణి ఎవరినీ పిలవకుండా తనే మాత్ర తీసుకోబోయింది. వంకర వేళ్ళతో రేకు నొక్కలేక పంటితో కొరికింది. మాత్ర ఎగిరి రుబ్బురోలు కింద పడింది. ఆవిడ వంగలేక వంగి, చీపురుపుల్లతో దాన్ని లాగుతుంటే గుమ్మంలోంచి చూశారాయన. ఆ మనిషికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ప్రేమ ఉండీ ఇంత పని జరిగిందే అన్నదే నా కడుపుమంట.

ఆ ఆదివారం ఆయన పీట వేసుకు కూర్చుని, ఒకేసారి ఎక్కువగా తెచ్చిపెట్టుకున్న మాత్రలన్నీ షీట్లలోంచి ఒలిచేశారు. కడిగి ఆరబెట్టిన రెండు కాఫీపొడి సీసాల్లో పోశారు. ప్లాస్టరు ముక్కల మీద ఒకదానికి 'మంగళవారం' అనీ, ఒకదానికి 'మిగతా రోజులు' అనీ రాసి మూతల మీద అంటించారు. సీసాకి అంటిస్తే లోపల ఎన్ని ఉన్నాయో కనపడదుట. ఎర్ర సున్నా చుట్టిన షీటుతో సహా ఖాళీ షీట్లన్నీ చెత్తలోకి పోయాయి. సీసాలు బీరువాలోకి వెళ్ళాయి. బీరువా తాళంచెవి ఎప్పుడూ ఆయన జంధ్యానికే ఉంటుంది.

తర్వాత డబ్బా. ఇంట్లో పాత స్టీలు పోపుల డబ్బా ఒకటుంది, చుట్టూ ఆరు గిన్నెలు, నడిమిన ఒకటి. ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలు ఉండాల్సిన ఆ ఏడు గిన్నెల్లో ఆయనకి వారం కనిపించింది. నడిమి గిన్నె మంగళవారం, అందులో వారం మాత్ర. చుట్టూ ఆరింటిలో ఆరు రోజుల విటమిన్. అంచుల మీద రోజుల పేర్లు అంటించారు.

"పోపుల డబ్బా అండీ అది," అంది అమ్మణ్ణి.

"ఇవాళ్టి నుంచి కాదు," అన్నారాయన.

పద్ధతి బాగానే ఉందనిపించింది. ఆదివారం పొద్దున్న ఆయన బీరువా తీసి, సీసాల్లోంచి డబ్బా నింపేవారు. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక పాపాయి ఆ రోజు గిన్నెలో మాత్ర తీసి అమ్మణ్ణి అరచేతిలో పెట్టి, మంచినీళ్ళ గ్లాసు నోటికందించేది. పాపాయి అయిదో తరగతి చదివింది, వారాల పేర్లు చదవగలదు. మూడు నెలలు తిరిగేసరికి అమ్మణ్ణి గ్లాసు తనే పట్టుకోగలిగింది. డాక్టరమ్మ మందు మంచిదని వీధిలో ఎవరూ అనలేదు. జానకిరామ్ గారి పద్ధతి చూడండి, అన్నారు. జీవరాజు గారని పక్కింటాయన వచ్చి డబ్బాని ఫోనులో ఫొటో కూడా తీసుకెళ్ళారు.

అంతలో శ్రావణం వచ్చి ముసురు పట్టుకుంది. తొమ్మిది రోజులు విడుపు లేదు. తాడు మీద బట్టలారలేదు, గోడలకి చెమ్మ దిగింది. గోదావరి ఎర్రబడి పైకొస్తోంది. షీట్లో ఉంటే మాత్రకి చెమ్మేమిటి, వానేమిటి? సీసాలో విడిగా ఉన్నవి మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఆదివారం పొద్దున్న కాస్త తెరిపివ్వగానే జానకిరామ్ గారు రెండు స్టీలు పళ్ళేల్లో వాటిని వేరువేరుగా పోసి అరుగు మీద ఎండబెట్టారు. మూతలు ముక్కిన వాసనొస్తున్నాయని సబ్బుపెట్టి తనే కడిగారు. అమ్మణ్ణి కుర్చీ వేసుకుని ఆ పక్కనే కూర్చుంది.

మాత్రలు మళ్ళీ సీసాలకెత్తే వేళకి ఫోను మోగింది. పాత ఆఫీసు వాళ్ళు. "సార్, పైనుంచి నీళ్ళు బాగా వస్తున్నాయండి. రేపటికి ఎంతదాకా పెరగొచ్చంటారు?"

రిటైరైన మనిషిని ఆఫీసు వాళ్ళు పిలిచి అడగడమే! ఆయన మొహం మతాబాలా వెలిగింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, భద్రాచలం దగ్గర ఎంతుంది, శబరిలో నీళ్ళెలా ఉన్నాయి అని ఆరాలు తీస్తూ, రెండు పళ్ళేలూ రెండు సీసాల్లోకి వంచారు. రెండు మూతలూ బిగించారు. అమ్మణ్ణి కుర్చీలోంచి ముందుకి వంగి, "ఏవండీ, ఆ మూత..." అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. ఆవిడ ఆగింది. ఫోను ముగిసేసరికి సీసాలు బీరువాలో ఉన్నాయి, డబ్బా నిండింది. ఆ చెయ్యి ఎప్పుడెత్తినా ఆగడం ఆవిడకి అలవాటే.

బుధవారం మధ్యాహ్నం పాపాయి మాత్ర అరచేతిలో పెడితే అమ్మణ్ణి దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూసింది.

"ఏవండీ, ఈ మాత్ర రంగు తేడాగా ఉంది. ఎప్పుడూ వేసుకునేది ఇంకొంచెం ముదురుగా ఉండేది. నిన్నటిది ముదురుగా ఉంది, మొన్నటిదీ ఇవాళ్టిదీ లేతగా ఉన్నాయి."

ఆయన పేపరు దించలేదు. "ఎండకి వెలిసింది. మాత్రకి రంగుతో పనేంటి, చీరా ఏమన్నానా? నోరు మూసుకుని మింగు."

నోరు మూసుకుని మాత్ర ఎలా మింగుతారని పాపాయికి నవ్వొచ్చింది, అమ్మణ్ణి మొహం చూసి ఆపుకుంది. అమ్మణ్ణి మాత్ర వేసుకుంది.

మరుసటి వారం ఆవిడ నోరు పూసింది. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పుళ్ళు. కారం తగిలితే కళ్ళ నీళ్ళు పెట్టుకునేది.

"వేడి చేసింది," అని తేల్చేశారు జానకిరామ్ గారు. మన వైపు వేడి చేయడమన్నది ఒకటుంది కదా, ఏ రోగాన్నైనా అందులోకి తోసేయొచ్చు. సబ్జా గింజలు నానబోయించారు. కొబ్బరిబొండాలు తెప్పించారు. మాత్ర మాత్రం ఒక్క పూట తప్పకుండా వేయించారు. నోటికి రాసే మందు కోసం షాపుకెళితే జ్ఞానప్రకాశం చేతిలో పని ఆపి, "అమ్మగారు వారం మాత్ర వాడుతున్నారు కదండీ. అది వాడే మనిషికి నోరు పూసిందంటే తేలిగ్గా తీసుకోకూడదండి. మాత్రలు ఆపి ఇవాళే డాక్టరుగారికి చూపించండి," అన్నాడు.

"నా పద్ధతిలో తేడా రాదయ్యా. ఇది వేడి. నువ్వా ట్యూబు ఇవ్వు," అన్నారాయన.

ఆదివారం మళ్ళీ డబ్బా నింపారు. మంగళవారానికి అమ్మణ్ణికి ఒళ్ళు పేలిపోయే జ్వరం. చేతుల మీద ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు నల్లటి మచ్చలు. పళ్ళ చిగుళ్ళ వెంట రక్తం. పాపాయి ఆ మచ్చలు చూసి, అడగకుండానే వీధిలోకి పరిగెత్తి జీవరాజు గారి కారు తెప్పించింది. ఆ రోజు మాట వినకుండా పని చేసింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

రాజమండ్రి ఆసుపత్రిలో రక్తం పరీక్షలు చూసి డాక్టర్ వినీల, ఇంట్లో ఉన్న మందులన్నీ ఉన్నవి ఉన్నట్టు తెమ్మంది. జానకిరామ్ గారు డబ్బా, సీసాలు, నోటుబుక్కూ అన్నీ సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళారు. డబ్బా చూపించేటప్పుడు ఆ గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది. డాక్టరమ్మ డబ్బాలోంచీ సీసాల్లోంచీ ఒక్కొక్క మాత్ర తీసింది, కింద షాపులోంచి కొత్త షీట్లు రెండు తెప్పించింది, వాటి పక్కన పెట్టి చూసింది.

"సార్, రెండూ తారుమారయ్యాయి. వారానికి ఒక్కసారి వేయాల్సిన మాత్ర వారంలో ఆరు రోజులు పడింది. రక్తం చూస్తే రెండు వారాలకి పైగానే అనిపిస్తోంది. ఇది మోతాదు మించితే ఒంట్లో కొత్త రక్తాన్ని పుట్టనివ్వదు. విరుగుడు మొదలుపెడతాను. కానీ ఆలస్యమైంది."

"ఎలా తారుమారవుతాయి?" అన్నారు జానకిరామ్ గారు. ఆ క్షణాన ఆయన అబద్ధమాడలేదు. తన చేయి తప్పు చేసి ఉంటుందన్న ఊహ ఆయన బుర్రలో ఎక్కడా లేదు, అంతే. తను కాకపోతే ఇంకెవరు? కళ్ళు వెతికాయి. వరండాలో అమ్మణ్ణి చీర మడత పెడుతూ పాపాయి దొరికింది.

"నువ్వే! దుమ్ము దులుపుతూ సీసాల మూతలు మార్చేశావు. పదేళ్ళు అన్నం పెట్టినందుకు మనిషిని చంపేస్తావా?"

వరండా అంతా ఇటు తిరిగింది. వీధిలోంచి తోడొచ్చిన నలుగురూ, జీవరాజు గారూ అక్కడే ఉన్నారు. పాపాయి చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "నేను బీరువా ముట్టుకోలేదండి అయ్యగారూ. తాళంచెవి మీ జంధ్యానికే ఉంటుంది కదండి," అంది.

ఆ మాట అందరికీ వినిపించింది. ఎవరి బుర్రకీ ఎక్కలేదు. అరుస్తున్న ఆయనకైతే వినిపించనూ లేదు.

"ఎవరు మార్చారన్నది తర్వాత చూద్దాం సార్," అంది డాక్టర్ వినీల. "షీట్లలోంచి తీసిందెవరు?"

"నేనే. ఆవిడ వేళ్ళు..." అని ఆగిపోయారు జానకిరామ్ గారు. డాక్టరమ్మ తల దించుకుని రాసుకుంది.

అమ్మణ్ణి అయిదు రోజులు మంచం మీద ఉంది. నోరంతా పుండై మాట పెగల్లేదు. ఒక సాయంత్రం, పాపాయిని పనిలోంచి తీసేశానని ఆయన చెబితే, ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, వంకర వేళ్ళ చేతులు రెండూ పైకెత్తి, ఒకదాని మీద ఒకటి తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఆయన వైపు చూపించింది.

"మంచినీళ్ళ సీసానా?" అని ఆయన మూత తిప్పి నీళ్ళు పట్టారు. ఆవిడ తాగలేదు. కళ్ళు మూసుకుంది. ఆరో రోజు మధ్యాహ్నం, పాపాయి మాత్రలిచ్చే వేళకి, పోయింది.

పన్నెండు రోజులూ వీధి వీధంతా ఆయన ఇంట్లోనే ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట. నమ్మి ఇంట్లో పెట్టుకుంటే పనిమనిషి కొంప ముంచింది. పాపాయి పనిచేసే మిగతా నాలుగిళ్ళూ ఆమెని మాన్పించేశాయి. మందుల షాపు జ్ఞానప్రకాశం కూడా వచ్చాడు. అమ్మణ్ణి ఫొటో ముందు చేతులు కట్టుకుని కాసేపు నిలబడి, జానకిరామ్ గారితో ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

పదమూడో రోజున ఇల్లు ఖాళీ అయ్యాక ఆయన నోటుబుక్కు తీశారు. వరద ఇంకా తగ్గలేదు. ఈ మట్టం ఈ ఏడు ఇంతకుముందు ఎప్పుడొచ్చిందో చూద్దామని వెనక్కి తిప్పుతుంటే, తెరిపిచ్చిన ఆ ఆదివారం కనిపించింది. తన ముత్యాల్లాంటి దస్తూరీ.

"మాత్రలు ఎండబెట్టడమైనది. మూతలు కడిగి బిగించడమైనది. ఆఫీసు నుంచి ఫోను. స్వయంగా."

ఆ చివరి మాట మీద ఆయన చూపు నిలబడిపోయింది. చేయి తనంతట తనే గుండెల మీదికి వెళ్ళింది. జంధ్యానికి తాళంచెవి తగిలింది. ఆ తాళంచెవి స్నానంలోనూ విప్పరు, నిద్రలోనూ విప్పరు. అప్పుడు వరండాలో పాపాయి అన్న మాట, పదిహేడు రోజులు ఆలస్యంగా, ఆయన చెవిన పడింది. దాని వెనకే అరుగు మీద అమ్మణ్ణి "ఆ మూత" అనబోవడం. ఆసుపత్రి మంచం మీద ఆ వేళ్ళు తిరగడం. నీళ్ళడగలేదు ఆవిడ. మూత బిగించడం చూపించింది. మీరే, అంది.

ఆయన ఏడవలేదు. నోటుబుక్కు చంకలో పెట్టుకుని, కండువా కూడా లేకుండా, కాలవ అవతలి పాపాయి ఇంటికి నడిచారు.

పాపాయి గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తోంది. ఎవరో షావుకారు మూటకింత అని ఇస్తున్నాడట. ఆయన్ని చూసి లేచింది. కుర్చీ లేదు, పీట వాల్చింది. ఆయన కూర్చోలేదు.

"పాపాయీ, మూతలు మార్చింది నేను."

"తెలుసండి," అంది పాపాయి.

"ఎలా తెలుసు?"

"అమ్మగారు చెప్పారండి. మూతలు తేడా పడ్డాయేమోనే, మాత్ర రంగు మారింది అన్నారు. అయ్యగారికి చెప్పండమ్మా అన్నానండి. చెప్పాను కదే, నువ్వూ విన్నావుగా, నోరు మూసుకుని మింగమన్నారు అన్నారు. పోనీ ఇవాళ్టికి మానేయండమ్మా అన్నానండి. అమ్మో, సాయంత్రం గిన్నెలు చూస్తారే, మాత్ర మిగిలితే నిన్ను తిడతారే అన్నారండి." పిక్కల జిగురంటిన చేయి చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. "నన్ను తిడతారని వేసుకున్నారండి ఆవిడ. నా చేత్తోనే వేశానండి. ఆ సంగతే ఆ చేత్తో అన్నం తిననివ్వట్లేదండి నన్ను."

"నన్నేం చేయమంటావు?" అన్నారు జానకిరామ్ గారు. ఆయన జీవితంలో ఇంకొక మనిషిని ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"నాతో చెప్పి ఏం లాభమండి? నా చేతులేగా అవి, మూతలు ముట్టలేదని నాకు తెలుసు. వీధిలో చెప్పండి. నలుగురిలో అన్నారు, నలుగురిలో చెప్పండి. నా పని నాకొస్తే చాలండి."

"చెబుతాను," అన్నారాయన. ఆయన మాటంటే మాటే.

మర్నాడు పొద్దున్నే అరుగు మీదికి అందరినీ పిలిచారు. జీవరాజు గారు, అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు, పాపాయిని మాన్పించిన నాలుగిళ్ళ ఆడవాళ్ళు, పదిహేను మంది దాకా వచ్చారు. పాపాయి గేటు బయట నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"అమ్మణ్ణిని చంపింది నేను," అన్నారు జానకిరామ్ గారు. గేజి అంకె చెప్పినట్టే, స్పష్టంగా. "మూతలు నేనే మార్చి బిగించాను. షీట్లలోంచి తీయొద్దని జ్ఞానప్రకాశం చెబితే వినలేదు. రంగు మారిందని ఆవిడ చెబితే వినలేదు. నోరు పూస్తే వేడన్నాను. పాపాయి తప్పు ఇసుమంత లేదు."

జీవరాజు గారు ముందుకొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. జీవరాజు గారి కళ్ళు తడిశాయి.

"ఎంత మనసండి మీది! పనిమనిషి ఉసురు తగులుతుందని నింద మీ నెత్తినేసుకుంటున్నారా?"

"కాదండి జీవరాజు గారూ. నేనే. బీరువా తాళంచెవి ఇదిగో, నా జంధ్యానికే ఉంది."

"దుఃఖంలో ఎవరికైనా ఇలాగే అనిపిస్తుందండి. మా నాన్నగారు పోయినప్పుడు నాకూ నావల్లే పోయారనిపించింది."

"నా రాత చూడండి!" జానకిరామ్ గారు నోటుబుక్కు తెరిచి ఆయన మొహం ముందు పెట్టారు. "స్వయంగా అని ఉందా లేదా? చదవండి!"

జీవరాజు గారు చదవలేదు. మెల్లిగా పుస్తకం మూసి తన చేతిలోకి తీసుకున్నారు. "ఇవి చూసుకుంటూ కూర్చోకండి, ఆరోగ్యం పాడవుతుంది. మీరు తప్పు చేయడమేంటండి? ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క అంకె తప్పారా? లంకల్లో అడగండి, చెబుతారు."

చుట్టూ తలలూగాయి. ఆడవాళ్ళు చెంగులు కళ్ళకద్దుకున్నారు. వాళ్ళలో ఒకావిడ గేటు వైపు తిరిగి, "చూశావుటే పాపాయీ? నువ్వు చేసిన పనికి ఇంకొకళ్ళైతే పోలీసులకి పట్టించేవారు. దేవుడులాంటి మనిషి, నిన్ను క్షమించేశారు. వచ్చి కాళ్ళ మీద పడు," అంది.

జానకిరామ్ గారు అరవబోయారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. ఎవరో కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో ఇంకెవరికో ఫోను చేసి, పెద్దాయన ఎంతలా కుంగిపోయారో చెబుతున్నారు. ఆయన చెయ్యెత్తారు, ఆగండని. జీవరాజు గారు ఆ చేతిని ఆప్యాయంగా పట్టుకుని కిందికి దించారు.

పాపాయి లోపలికి రాలేదు, ఎవరి కాళ్ళ మీదా పడలేదు. గేటు చువ్వలు పట్టుకుని, కుర్చీలో ఉన్న ఆయన వంక చూసింది.

"పోనీలెండి అయ్యగారూ," అంది. "మీ మాట కాదనడం మీవల్ల కూడా అవలేదండి."

గేటు చప్పుడవకుండా దగ్గరికి వేసి, కాలవ వైపు వెళ్ళిపోయింది.